కార్డు వెనక రాసింది చదవొద్దు

బావగారికి,

మీకున్న ఒక్కగానొక్క మరదలు నమస్కారాలతో రాసేది.

ఇక్కడ నేనూ, మీ తోడల్లుడూ బాగానే ఉన్నాం. నేను ల్యాబు నుంచి రిటైరై ఎనిమిది నెలలైంది. ముప్పై రెండేళ్లు ఊళ్లోవాళ్ల రక్తాలూ మూత్రాలూ గాజు గొట్టాల్లో పోసి చూసిన కళ్లు ఒక్కసారిగా ఖాళీ అయిపోయేసరికి ఏం చెయ్యాలో తోచలేదు. ఇంట్లో ఉన్నవాటన్నిటికీ లేబుళ్లు అంటించాను. ఉప్పు డబ్బాకి ఉప్పు అని, పంచదార డబ్బాకి పంచదార అని, తలుపుకి తలుపు అని. ఇక తన వంతు ఎప్పుడొస్తుందోనని భయపడి మీ తోడల్లుడే నన్ను తీసుకెళ్లి కార్డులు చేసే క్లాసులో చేర్పించారు.

గ్రీటింగు కార్డులు బావగారూ. కొట్లో కొనేవి కాదు, చేత్తో చేసేవి. రబ్బరు ముక్క మీద చిన్న చాకుతో బొమ్మ చెక్కాలి. ఆ అచ్చుని ఇంకు ప్యాడు మీద అద్ది, దళసరి కాగితం మీద నొక్కితే గీతలు పడతాయి. ఆ గీతల్లో నీటిరంగులు నింపాలి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. చేస్తే తెలుస్తుంది. నీళ్లు ఒక్క చుక్క ఎక్కువైతే చాలు, ఆకాశం వచ్చి పిట్ట ముక్కులో దూరుతుంది.

ఇక అసలు సంగతి. మూడేళ్ల కిందట మీ కొత్త ఇంటికి వచ్చినప్పుడు, హాల్లో అడుగు పెడుతూనే "అబ్బ, అచ్చం ఆసుపత్రిలా ఉంది" అన్నాను. అది అక్క రెండు నెలలు కొట్లన్నీ తిరిగి ఎంచుకున్న రంగని నాకు తెలీదు. తెలిసినా అనేదాన్నేమో, నా నోటి సంగతి మీకు తెలుసు. అక్క నాకని తెస్తున్న కాఫీ గ్లాసు అక్కడే కింద పెట్టేసి, "ఇది తప్పు ఒప్పుకునేదాకా దీంతో మాట్లాడితే ఒట్టు, దీనికి ఒక్క అక్షరం ముక్క రాస్తే ఒట్టు" అంది. పట్టిన పట్టు విడవకపోవడంలో అక్కని మించినవాళ్లు లేరు. ఫోన్ చేస్తే నా పేరు చూసి కట్ చేస్తుంది. వేరే నంబరు నుంచి చేస్తే నా "హలో" విని కట్ చేస్తుంది.

నేనేమో లేని మాట అనలేను. చిన్నప్పటి నుంచీ అన్నవన్నీ వెనక్కి తీసుకోమన్నా తీసుకుంటాను గానీ, ఆ గోడ బాగుందని మాత్రం నాకు నోరు రావట్లేదు. కానీ బావగారూ, అమ్మా నాన్నా పోయాక నా చిన్నప్పటి సంగతులు తెలిసిన మనిషి లోకంలో అక్కొక్కతే. అది నాతో మాట్లాడాలి. నాకింకేమీ వద్దు.

అందుకే ఈ కార్డు. తీగ మీద రెండు పిట్టలు. ఎడమది అక్క, కుడిది నేను. రెండూ నేను స్వయంగా చెక్కినవే. అక్క మనసు బాగున్నప్పుడు, చేతిలో చాకూ కత్తెరా లేనప్పుడు చూసి ఇవ్వండి.

ఆశతో,
మీ మరదలు

తా.క.: ఈ పిట్టలు చెక్కుతుంటే చాకు జారి ఎడమచేతి బొటనవేలు తెగింది. కుడి పిట్ట రెక్క మీదున్న ఎర్రచుక్క రంగు కాదు. ఓ పాజిటివ్.

⁂

మరదలికి,

మీ బావ దీవించి రాసేది.

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేద్దామంటే ఈ మధ్య నాకు ఫోన్లో ఒక్క ముక్క వినపడట్లేదు. కాబట్టి నువ్వు కూడా చెయ్యకు. ఏమున్నా ఉత్తరమే రాయి.

నీ కార్డు మీ అక్క చేతికిచ్చాను. మొదట దూరంగా పెట్టుకుని చూసింది. తర్వాత కళ్లజోడు తెచ్చుకుని దగ్గరగా పెట్టుకుని చూసింది. "పొట్టిది బాగానే వేసిందే" అంది. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయేమో, నేను సరిగ్గా చూడలేదు. మీ అక్క మనసు వెన్న. పైకి కనపడనివ్వదు గానీ. అంతా సర్దుకుంటోంది అనుకునేలోపల కార్డు వెనక్కి తిప్పింది.

వెనక పెన్సిలుతో నీ దస్తూరీ. ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"ఎడమదాని మొహం మాడింది. ముక్కు సగం కొయ్యాలి. పొట్ట మరీ లావు, ఈసారి తగ్గించాలి. ఎంత కడిగినా నలుపు పోవట్లేదు. ఉప్పు చల్లి చూడాలి. ఆరాక బరువు కింద తొక్కిపెట్టి ఉంచాలి. కుడిది బాగుంది."

ఎడమది అక్క అని ఉత్తరంలో నువ్వే రాశావు. కాదనడానికి లేదు.

మీ అక్క లేచి వెళ్లి అద్దం ముందు నిలబడి పక్కకి తిరిగి చూసుకుంది. "మూడేళ్లకి గుర్తొచ్చానా దీనికి? గుర్తొచ్చి నా ముక్కు కోస్తుందట, నన్ను తొక్కిపెడుతుందట! అప్పుడు గోడనంది, ఇప్పుడు మొహాన్నంటోంది. ఇంకేం మిగిలింది?" అని పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదలకుండా అరగంట తిట్టింది. అన్నిటికంటే మీ అక్కకి ఒళ్లు మండింది ఎక్కడో తెలుసా? ఆ చివరి ముక్క దగ్గర. కుడిది బాగుందట!

నేను ఎవరి పక్షమూ కాదు. కానీ న్యాయంగా ఆలోచిస్తే మీ అక్క చెప్పిందే కరెక్టు. ఈ ఇంట్లో ఏ విషయం తీసుకున్నా చివరికి ఆవిడ చెప్పిందే కరెక్టవుతుంది. నా సంగతే చూడు. తడి తువ్వాలు తెచ్చి మంచం మీద పడేసే అలవాటు నాకుంది. ముప్పై ఏడేళ్లుగా చెబుతున్నా మానలేదు. తప్పు పూర్తిగా నాదే, ఒప్పుకుంటున్నాను. నువ్వూ అలా ఒప్పేసుకుంటే పోలా?

ఉంటాను,
మీ బావ

తా.క.: నీ వేలు ఎలా ఉంది? మీ అక్క అడగమనలేదు. నేనే అడుగుతున్నాను.

⁂

బావగారికి,

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీని మీ మరదలు రాసేది.

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీరింత పొడుగు ఉత్తరం రాయగలరని ఇన్నేళ్లూ నాకు తెలీనే తెలీదు. నాకు ఉద్యోగం వచ్చిందని ఆ రోజుల్లో నేను ఆరు పేజీలు రాస్తే "సంతోషం" అని ఒక్క ముక్క రాసి పంపిన మనిషి మీరు. వయసుతోపాటు మనుషులు ఎంత మారతారో!

ఆ రాతలు అక్క గురించి కావు మహాప్రభో! మా ల్యాబులో నియమం ఒకటే, చేతిలోకి వచ్చిన ప్రతి నమూనా మీదా దాని జాతకం రాసి తీరాలి. ఉద్యోగం అయిపోయినా చెయ్యి ఊరుకోదు. చిత్తుగా వేసిన ప్రతి కార్డు వెనకా ఏం చెడిందో, తర్వాతిసారి ఏం చెయ్యాలో రాసుకుంటాను. మొహం మాడిందంటే గోధుమరంగు ఎక్కువైందని. ముక్కు కొయ్యాలంటే రబ్బరు అచ్చులో ఉన్న ముక్కు. కడగడం అంటే తడి బ్రష్షుతో రంగుని లేపెయ్యడం. తడిగా ఉన్న రంగు మీద నాలుగు ఉప్పు గల్లులు చల్లితే, ఉప్పు నీళ్లు పీల్చుకుని ఈకల మీద చుక్కల్లాంటి మచ్చలు పడతాయి. తడిసిన కాగితం ఆరేటప్పుడు ముడుచుకుపోతుంది కాబట్టి దాన్ని నిఘంటువు కింద పెట్టాలి. అక్కని కాదు, కాగితాన్ని!

చిత్తుదీ, సాపుదీ పక్కపక్కనే ఆరుతున్నాయి. కళ్లజోడు లేకుండా తీసి కవర్లో పెట్టాను. అంతే జరిగింది. సాపుదాంట్లో ఎడమ పిట్ట ఎంత ముద్దుగా వచ్చిందో చూసి మా టీచరు దాన్ని తీసుకెళ్లి క్లాసు గోడకి పెట్టుకుంది. మా టీచరుకి నిండా ముప్పై ఏళ్లు లేవు గానీ, "అమ్మా, మీరు నొక్కడం కాదు, మొట్టికాయ వేస్తున్నారు" అని నా చేతి మీద కొడుతుంది.

ఈసారి రెండు కప్పులు వేద్దామనుకున్నాను. ఒకటి అక్కకి, ఒకటి నాకు. ఒకే కప్పు అచ్చు చెక్కి రెండుసార్లు నొక్కితే సరిపోతుంది కదా. మొదటిది చక్కగా పడింది. రెండోది నొక్కేటప్పుడు మీ తోడల్లుడు వచ్చి "నా కళ్లజోడు చూశావా" అన్నారు. "మీ మొహం మీదే ఉంది" అని చెప్పి నొక్కేసరికి అచ్చు తలకిందులుగా పడింది. తప్పు పడిన కార్డుని పారేస్తే మా టీచరు ఒప్పుకోదు. ఆ తప్పునే ఇంకోటిగా మార్చాలి. అందుకని బోర్లాపడ్డ కప్పుకి నాలుగు కాళ్లూ ఒక తలా పెట్టాను. తాబేలైంది. కప్పు పిడి తోకయింది. పొగలు కక్కే కప్పు వైపు తాబేలు నడిచి వస్తున్నట్టు కుదిరింది. పోయినసారి ఎవరు ఎవరో రాసి దెబ్బతిన్నాను కాబట్టి ఈసారి రాయట్లేదు.

భయంతో,
మీ మరదలు

తా.క.: కార్డు వెనక ఏమీ రాయలేదు. "ఏమీ రాయలేదు" అని వెనక రాయబోయి ఆగాను.

ఇంకో తా.క.: వేలు మానింది. అడగమననివాళ్లకి కూడా చెప్పండి.

⁂

మరదలికి,

మీ బావ కొంచెం గట్టిగానే రాసేది.

ఇంతకీ మీ అక్క మోకాళ్ల సంగతి నీకెవరు చెప్పారు?

ఆరు నెలలుగా మీ అక్కకి మోకాళ్ల నొప్పులు. మెట్లెక్కితే రెండు నిమిషాలు, దిగితే మూడు. ఈ విషయం డాక్టరుకీ, మీ అక్కకీ, నాకూ తప్ప నరమానవుడికి తెలీదు. అలాంటిది నీ కార్డు మీద తాబేలు! కప్పేమో మా వంటింట్లో కప్పులాగే ఉంది. అంటే మీ అక్క తన ఇంట్లో తను వంటింటి దాకా వెళ్లేసరికి కాఫీ చల్లారిపోతుందనేగా? "నా నడకని బొమ్మ గీసి పోస్టులో పంపింది" అంది మీ అక్క. ఈ ఇంటి సంగతులు ఎవరో బయటికి మోస్తున్నారని ఆవిడ అనుమానం. నేనైతే కాదు. నీకు చెప్పింది ఎవరో రాయి, నాక్కూడా తెలుసుకోవాలని ఉంది.

ఇక వెనకవైపు. ఏమీ రాయలేదన్నావు. మీ అక్క దాన్ని కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని చూసింది. నిజంగానే ఏమీ లేదు. "మూడేళ్ల తర్వాత కూడా దీనికి నాతో చెప్పడానికి ఒక్క ముక్క లేదన్నమాట" అని మూతి ముడుచుకుంది. రాస్తే ఒక తంటా, రాయకపోతే ఒక తంటా అని నువ్వనుకోవచ్చు. కానీ మీ అక్క వైపు నుంచి చూడు. ఆవిడ వైపు నుంచి చూడటం నీకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

కార్డుని చించబోయింది. నేనే ఆపాను. ఇప్పుడది ఫ్రిజ్జు తలుపు మీద అయస్కాంతం కింద ఉంది. ఎదురుగా కనపడుతుంటే కోపం చల్లారకుండా ఉంటుందని మీ అక్కే పెట్టింది. రోజుకి పదిసార్లు దాని ముందు నిలబడి కోపం తెచ్చుకుంటోంది.

నా మాట విను. పిట్టలూ తాబేళ్లూ తర్వాత చూసుకోవచ్చు. ముందు గోడ సంగతి తేల్చు. మీ అక్కకి కావలసింది అదొక్కటే.

ఇట్లు,
మీ బావ

తా.క.: తాబేలు వీపు మీద ఆ ఆకుపచ్చ ఎలా కలిపావు? మీ అక్కకి కాదు, నాకే తెలుసుకోవాలని ఉంది.

⁂

బావగారికి,

మొట్టికాయలు తిన్న మరదలు బుద్ధిగా రాసేది.

తాబేలు అక్క కాదు, నేను. మూడేళ్లుగా మీ ఇంటి కాఫీ కోసం దేకుతూ వస్తున్నది నేనే. మోకాళ్ల సంగతి ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి, చెప్పను. వేన్నీళ్ల కాపడం పెట్టుకోమనండి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు వెయ్యమనండి. వినదని తెలుసు, అయినా అనండి.

ఆకుపచ్చ గురించి అడిగారు. నేను ఆకుపచ్చ ట్యూబు ముట్టను. నీలం, పసుపు కలిపి, అందులో బ్రష్షు కొసతో గోధుమరంగు తగిలిస్తాను. లేకపోతే మరీ ప్లాస్టిక్ బకెట్‌లా వస్తుంది.

గోడ సంగతి తేల్చమన్నారు. వారం రోజులు ఆలోచించాను. ఆలోచిస్తే నాకు తెలిసిందేమిటంటే, ఆ గోడ రంగు నాకసలు గుర్తే లేదు. కళ్లు మూసుకుంటే కాఫీ గ్లాసు కింద పెట్టేస్తున్న అక్క మొహం కనపడుతోంది గానీ రంగు కనపడట్లేదు. ఆ రోజు బయట మబ్బు. లోపల ట్యూబ్‌లైటు. నేను గట్టిగా చూసింది అర నిమిషం. మా ల్యాబులో అర నిమిషం చూసి రిపోర్టు రాస్తే ఆ సాయంత్రానికి ఇంటికి పంపించేవాళ్లు. అక్క గోడకి మాత్రం అలాగే రాసి పడేశాను.

కాబట్టి నాకు నమూనా కావాలి. ఎక్కడైనా కనపడని చోట గోరంత పెచ్చు గీకి కవర్లో పెట్టి పంపండి. ఆ రంగు సరిగ్గా అదే వచ్చేదాకా కలుపుతాను. వచ్చాక పగటి వెలుతురులో పెట్టి చూస్తాను. అప్పుడు నాకేమనిపిస్తే అది రాస్తాను. బాగుంటే బాగుందని, లేకపోతే లేదని. ఇంతకంటే నిజాయితీగా ఎలా తేల్చాలో నాకు తెలీదు. లేదనే రాయాల్సి వస్తే ఏమవుతుందో తల్చుకుంటే మాత్రం నాకు అన్నం సయించట్లేదు.

మీ పెచ్చు కోసం ఎదురుచూస్తూ,
మీ మరదలు

తా.క.: నిన్న మీ తోడల్లుడు టీ అనుకుని నేను బ్రష్షులు కడుక్కున్న నీళ్లు తాగేశారు. గ్లాసు కింద పెట్టి పేపరు చదువుకోసాగారు. ఇన్నేళ్లూ నా టీ తాగుతున్న మనిషి కదా!

⁂

మరదలికి,

మీ బావ ప్రాణాలరచేత పెట్టుకుని రాసేది.

పెచ్చు ఇందులోనే పెట్టాను. చిన్న కాగితం పొట్లంలో ఉంది, విప్పేటప్పుడు తుమ్మకు.

దాన్ని గీకడానికి నేను పడ్డ పాట్లు ఎవరికీ వద్దు. హాల్లో బీరువా వెనక, మీ అక్క స్నానానికి వెళ్లినప్పుడు, కూరలు తరిగే చాకుతో గీకాను. గీకిన చోట చొక్కా బొత్తామంత మచ్చ పడింది. మీ అక్కకి తెలిసిందంటే నన్ను ఇంట్లోంచి గెంటేస్తుంది. గెంటినా న్యాయమే.

నువ్వు పెచ్చు అడిగావని వినగానే మీ అక్కకి వచ్చిన మొదటి అనుమానం ఏమిటో తెలుసా? నువ్వు దాన్ని మీ పాత ల్యాబుకి పట్టుకెళ్లి పరీక్ష చేయించి, ఇందులో ఫలానా విషం ఉంది, ఈ గోడ ఆరోగ్యానికి మంచిది కాదు అని రిపోర్టు తెప్పిస్తావని. "నా గోడకి రక్తపరీక్ష చేయిస్తుందా?" అంది. అందుకే మీ అక్కకి తెలియకుండా పంపుతున్నాను. పైన అనుమానం సంగతి రాశాను కదా, మరి తెలియకుండా ఎలా అంటావేమో. అడిగావని తెలుసు, పంపానని తెలీదు. అంతే.

ఒక్క మాట మాత్రం నీకు చెప్పాలి. కొత్త ఇల్లు చూడటానికి ఎంతమంది వచ్చినా మీ అక్క ఎదురుచూసింది నీ కోసమే. పనిమనిషితో గోడలు రెండుసార్లు తుడిపించింది. "పొట్టిది రంగులు కనిపెట్టడంలో గట్టిది. అది బాగుందంటే ఇక బాగున్నట్టే" అని ముందురోజంతా అంటూనే ఉంది. మిగతావాళ్లు బాగుందన్నవన్నీ ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలేసింది. అలాంటిది నువ్వొచ్చి చెప్పులు కూడా విప్పకముందే ఆసుపత్రి అన్నావు. కోపం కాదే అది. బాధ.

నీకు ఏమనిపిస్తే అదే రాయి. లేని మాట మాత్రం రాయకు. మీ అక్క పసిగట్టేస్తుంది.

ఇట్లు,
మీ బావ

తా.క.: పైన రాసింది మీ అక్క నాతో ఎప్పుడూ చెప్పలేదు. నాకే తెలుసు.

⁂

అక్కా,

అవును, నీకే. బావకి కాదు.

ఈ ముక్క చదివి ఉలిక్కిపడి లేచి ఉంటావు. కూచో. మోకాళ్లు జాగ్రత్త.

నీ మొదటి జవాబు కవరు మీద అడ్రసు చూడగానే తెలిసిపోయింది. ఆ దస్తూరీ నాకు తెలీదుటే? నా అయిదో క్లాసు హోంవర్కంతా అందులోనే ఉండేది. విప్పి చదివితే ఇంకా సుఖంగా ఉంది. ఏ మొగుడైనా తన తడి తువ్వాలు గురించి మరదలికి ఉత్తరం రాసుకుంటాడా? ఇక చెవుల సంగతంటావా? బావ మూడేళ్లుగా ప్రతి ఆదివారం కూరగాయలకని బయల్దేరి, మార్కెట్టు బయట బెంచీ మీద కూచుని నాకు ఫోన్ చేస్తారు. నేను గొణిగినా ఆయనకి వినపడుతుంది. నీ మోకాళ్ల సంగతి చెప్పిందీ ఆయనే. అసలు ఆయన పేరున ఉత్తరం రాయమన్నదే ఆయన. "మీ అక్క పేరున వస్తే విప్పకుండా పక్కన పడేస్తుంది. నా పేరున వచ్చిన ఏ కవరైనా నాకంటే ముందు విప్పేస్తుంది" అన్నారు.

తెలిసి కూడా ఎందుకు నోరు మూసుకున్నానంటే, తెలిసిందని చెబితే నువ్వు రాయడం మానేస్తావని. నాతో మాట్లాడవు, ఫోన్ ఎత్తవు. తిట్టడానికైనా సరే, నువ్వు కాగితం తీసుకుని కూచుని నా కోసం రెండు పేజీలు రాస్తున్నావు. పోస్టుమాన్ వచ్చే వేళకి నేను గేటు దగ్గర నిలబడేదాన్ని అక్కా. మొదటి కార్డు నిజంగా పొరపాటే. తాబేలు సగం పొరపాటు. ఎవరు ఎవరో రాయకపోవడం మాత్రం పూర్తిగా కావాలనే.

ఇప్పుడు గోడ. పెచ్చుని తెల్లకాగితం మీద పెట్టుకుని కూచున్నాను. మొదటి రోజు కలిపినవన్నీ బూడిదరంగుకే పోయాయి. నీలం తగ్గించాను. నీళ్లు పెంచాను. ఆకుపచ్చ ట్యూబు కూడా ముట్టుకున్నాను, అంత పనీ అయింది. ఇరవై రెండు చిత్తులు చెడగొట్టాక, ఇరవై మూడోసారి కొంచెం పసుపు, అదీ తగిలీ తగలనంత కలిపి గీశాను. ఆరాక నీ పెచ్చుని దాని మీద పెడితే ఎక్కడుందో కనిపించక చేత్తో తడుముకున్నాను.

ఆసుపత్రి గోడల్లో పసుపు ఉండదే. ముప్పై రెండేళ్లు వాటి మధ్యే కూచున్నదాన్ని, నాకు తెలుసు. దాన్ని కిటికీలో పెట్టి పొద్దున ఒకసారీ, మధ్యాహ్నం ఒకసారీ చూశాను. పొద్దుటి ఎండలో లేత చిగురులా ఉంది. చాలా మంచి రంగు అక్కా. ఆ రోజు నేను ట్యూబ్‌లైటుని చూసి గోడనన్నాను. తప్పు నాదే. నిన్ను మంచి చేసుకోవడానికి అంటున్న మాట కాదిది. అలా అనగలిగేదాన్నయితే మూడేళ్ల కిందటే అనేసి కాఫీ తాగేదాన్ని.

ఈ కార్డు మీద పిట్టలూ కప్పులూ ఏమీ లేవు. మొత్తం నీ గోడ రంగే. వెనక ఈసారి రాశాను, చదువుకో. "సరిపోయింది. ఇక మార్చక్కర్లేదు."

ఈ నెలాఖరు ఆదివారం పది గంటల బస్సుకి వస్తున్నాను. నీ గోడని పగటి వెలుతురులో చూడాలి. నువ్వు తలుపు తియ్యకపోతే కిటికీలోంచి చూసి పోతాను.

నీ పొట్టి

తా.క.: బావని ఏమీ అనకు. నాతో గంటసేపు మాట్లాడి, చివరి అయిదు నిమిషాల్లో హడావిడిగా ఏరుకొచ్చేవారు. మీ ఇంట్లో వంకాయలన్నీ పుచ్చులే ఉండటానికి కారణం నేనే.

⁂

ఒసే పొట్టీ,

ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. ఇది నేనే, నా పేరుతో నేనే రాస్తున్నాను.

దొంగదానా! మొదటి ఉత్తరానికే తెలిసి ఇంత నాటకం ఆడావా? నా మోకాళ్లు నొప్పెడుతున్నా, మీ బావ చేతికిస్తే అడ్రసు చూస్తారని ప్రతి ఉత్తరమూ నేనే వీధి చివర డబ్బా దాకా నడిచి వెళ్లి వేశాను. ఆయనేమో అంతా తెలిసి, "ఎక్కడికి బయల్దేరావు, నేను వెయ్యనా" అని కూడా అడగకుండా పేపరు అడ్డం పెట్టుకుని కూచున్నారు. బీరువా వెనక గోడ గీకింది నేనేనని వేరే చెప్పాలా? నీ కోసం నా గోడ నేనే గీక్కున్నాను.

కానీ ఒకటి. మీ బావ పేరుతో రాయడం మాత్రం భలే హాయిగా ఉండేదే. ఆయన చేత నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పించుకున్నాను. ఆ తువ్వాలు తప్పు ఒప్పించాను. ముప్పై ఏడేళ్లలో నా వల్ల కానిది!

ఆదివారం కూరగాయలకి గంటన్నర ఎందుకు పడుతోందో తెలీక నేను ఏమేమో అనుకున్నాను. అవన్నీ కాగితం మీద పెట్టలేను. ఆ ఫోను అవతల ఉన్నది నువ్వని చదివాక పోయిన ప్రాణం లేచొచ్చింది. ఆయన్ని పిలిచి, ఎందుకో చెప్పకుండా మంచి కాఫీ ఇచ్చాను. భయపడిపోయారు పాపం.

ఇప్పుడు నేను చెప్పేది విని అరవకు. నీ కార్డు సోమవారం వచ్చింది. దానికి ముందు శుక్రవారమే మా ఇంటికి పెయింటరు వచ్చి వెళ్లాడు.

పెచ్చు పంపాక నాకు నిద్ర పట్టలేదే. నువ్వు లేని మాట అనవు. చూసి మళ్లీ ఆసుపత్రే అని రాస్తావు. నేను మళ్లీ మూతి ముడుచుకుంటాను. ఇంకో మూడేళ్లు పోతాయి. మనకేమన్నా చిన్న వయసా? అయినా నీ దగ్గర దాపరికం ఎందుకు, నువ్వా మాట అన్న రోజు నుంచీ నాకూ ఆ హాలు ఆసుపత్రిలాగే కనపడుతోంది. ఇంటికొచ్చినవాళ్లు సోఫాలో కూచుంటే పేషెంట్లలా ఉండేవాళ్లు. మీ బావ పేపరు మడిచి పక్కన పెడితే, డాక్టరు లోపలికి పిలిచాడేమో అనిపించేది. పట్టుదల కొద్దీ ఒప్పుకోలేదంతే. నువ్వు దూరమవడం కంటే గోడ పోవడమే నయమనిపించింది. పెయింటర్ని పిలిపించి హాలంతా మార్పించేశాను. "నువ్వు చెప్పిందే కరెక్టు" అని నీకు రాద్దామని కాగితం కూడా తీసుకున్నాను. అప్పుడు పోస్టుమాన్ బెల్లు కొట్టాడు.

"సరిపోయింది. ఇక మార్చక్కర్లేదు."

అలా నిలబడి నవ్వాను. నవ్వుతూ ఏడ్చాను. మీ బావ కంగారుగా వచ్చి, కార్డు చూసి, గోడ చూసి, వెళ్లి మొహం కడుక్కుని వచ్చారు.

ఎంత మంచి రంగే అది! నీ కాగితం మీద చూస్తే నాకే తెలిసింది. రెండు నెలలు తిరిగి ఊరికే ఎంచుకోలేదు నేను. ఇప్పుడు కొత్త గోడ మీద నీ కార్డు పెట్టాను. ఆ రంగు ఈ ఇంట్లో ఇక ఆ అరచేతి మేరే ఉంది. పోతే పోయింది.

మూడేళ్లు నీతో మాట్లాడకుండా ఉండటం నాకేం బాగాలేదే పొట్టీ. ఏమీ బాగాలేదు. పది గంటల బస్సు వద్దు. పొద్దున ఆరింటికే ఇంకోటి ఉందట, మీ బావ కనుక్కున్నారు, దానికి రా.

మీ అక్క

తా.క.: కొత్త రంగు ఏమిటో చెప్పను. లోపలికొచ్చి చూశాక నీకు ఏమనిపించినా సరే, కాఫీ పూర్తిగా తాగేదాకా నోరు విప్పకు.